మరక పడని కోటు

ఆ తెల్లకోటు మీద తొమ్మిదేళ్లలో ఒక్క చుక్క సాస్ పడలేదు. షెఫ్ కోటు మీద ఒక్క చుక్క కూడా పడలేదంటే ఎవరికైనా అనుమానం రావాలి. ఆ ఇంట్లో అలాంటి అనుమానాలు ఎవరికీ రావు. వచ్చేదల్లా ఎడ్విజ్‌కి, అదీ శనివారం పొద్దున ఏడింటికి ఇస్త్రీబల్ల ముందు నిలబడినప్పుడు. ముందు కాలరు, తర్వాత చేతులు, ఆ తర్వాత రెండు వరసల గుండీల మధ్య సందులు. ఎడమవైపు, గుండె మీద, నీలం దారంతో కుట్టిన పేరు: జిల్ పెల్వే, షెఫ్. అక్కడ కోటుని తిరగేసి, కింద తువ్వాలు పరిచి, వెనకవైపు నుంచి ఇస్త్రీ చేయాలి. లేకపోతే దారం మెరుపు పోతుంది. ఈ చిట్కా అత్తగారు ఆర్లెట్ నేర్పింది. కొడుకు నలభయ్యో పుట్టినరోజుకి ఆ కోటు కుట్టించి, పేరు వేయించింది కూడా ఆవిడే.

"ఎడ్విజ్, కోటు అయిందా?" స్నానాలగదిలోంచి జిల్ కేకేశాడు.

"అయింది."

"మెడ దగ్గర గంజి తగ్గించు. పోయినవారం గీరుకుపోయింది."

గంజి తగ్గించమన్న మెడ ఏడాదిలో మూడువందల రోజులు చల్లటి గదిలో, వైన్ సీసాల మధ్య ఉంటుంది. ఎడ్విజ్ తన చేతుల వైపు చూసుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా, అవెన్ అరలు తగిలి కాలిన గీతలు వరసగా, గాజులు తొడుక్కున్నట్టు ఉన్నాయి. కొత్తవి ఎర్రగా, పాతవి గోధుమరంగులో. ఈ చేతుల గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. అత్తగారు మాత్రం పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు పొడుగు చేతుల గౌను వేసుకోమంటుంది.

జిల్ వంటవాడు కాదు. అతని చేతిలో గుడ్డు కూడా అడుగంటుతుంది. అతనిది భోజనాలగది. మనిషి అందగాడు, మాటకారి. లోపలికి వచ్చిన వాళ్లని చూసి వాళ్లకి ఏ సీసా తెరవాలో చెప్పేస్తాడు. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. వంటిల్లు ఎడ్విజ్‌ది. మామగారి కాలంలో ల్వార్ నది మీద పడవలు నడిపేవాళ్లకి వేపుడు చేపలు పెట్టిన పెల్వే హోటల్‌కి, ఇప్పుడు పారిస్ నుంచి కార్లు వస్తున్నాయంటే అది ఆమె చేసిన పనే. కానీ ప్రభుత్వ కాగితాల్లో ఆమె వృత్తి దగ్గర 'సహకరించే భార్య' అని ఉంటుంది. అది నిజంగానే ఒక హోదా. దానికి జీతం ఉండదు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజు జిల్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "అంతా మనదే కదా, జీతమెందుకు?" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే, ఎదురు మాట్లాడితే ఆమే డబ్బుమనిషి అయిపోయేది.

కోటు సంగతి ఎలా మొదలైందో ఆమెకి రోజుతో సహా గుర్తుంది. తొమ్మిదేళ్ల కిందట, పాప కడుపులో ఉన్నప్పుడు, ఎనిమిదో నెల. ఒక మధ్యాహ్నం పన్నెండుమంది కూర్చున్న టేబుల్ షెఫ్‌ని చూస్తామంది. ఆ వృత్తిలో అది మర్యాద. భోజనాల చివర షెఫ్ వంటింట్లోంచి బయటికొచ్చి, టేబుల్ టేబుల్‌కీ తిరిగి, ఎలా ఉందని అడగాలి. ఎడ్విజ్ ఏప్రన్ మార్చుకుని బయల్దేరబోతుంటే జిల్ తలుపు దగ్గర ఆపాడు. "ఇలాగే వెళ్తావా? కాళ్లు చూసుకో, ఎలా వాచాయో. ముఖమంతా చెమట. వాళ్లకి తిన్నది కక్కుకోవాలనిపిస్తుంది." నవ్వుతూనే అన్నాడు. మేకుకి వేలాడుతున్న ఆమె రెండో కోటు తీసి, చొక్కా మీద తొడుక్కుని తనే వెళ్లాడు. పావుగంటకి వచ్చి, "నన్నే షెఫ్ అనుకున్నారు. ఏమంటాను? నవ్వి ఊరుకున్నాను," అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు తలుచుకుంటే అతని మీదకన్నా ఆ నవ్వు మీదే ఆమెకి ఎక్కువ కోపం.

తర్వాత నెల, ఆమె ఆసుపత్రిలో పాపని పక్కలో వేసుకుని ఉండగా, స్థానిక పత్రిక ఫోటోగ్రాఫర్ వచ్చి కోటులో ఉన్న జిల్‌ని ఫోటో తీసుకుపోయాడు. "అచ్చయిపోయింది కదా, ఇప్పుడు దిద్దితే మనమే నవ్వులపాలవుతాం," అన్నాడు. ఆ తర్వాత కొడుకు పుట్టినరోజుకి అత్తగారు కుట్టించిన కోటు వచ్చింది. ఆపైన అది మామూలైపోయింది. నిరుడు పారిస్ నుంచి ఒక విలేఖరి వచ్చి, బాతు చర్మం అంత పెళుసుగా ఎలా వస్తుందని అడిగితే, జిల్ వంటింటి తలుపు తెరిచి పట్టుకుని, "ఎడ్విజ్, అదేంటి, మనం చర్మానికి చేసేది?" అన్నాడు. ఆమె చెప్పింది. అతను విలేఖరి వైపు తిరిగి, "నా వంటలు నాకన్నా మా ఆవిడకే బాగా గుర్తుంటాయి," అన్నాడు. గదంతా నవ్వింది. పొగడ్తలు ఎప్పుడూ భోజనాలగదికీ వంటింటికీ మధ్య ఊగే ఆ తలుపు దాటి లోపలికి రాలేదు, అతని దగ్గరే ఉండిపోయాయి. ఫిర్యాదులు మాత్రం వెంటనే వచ్చేవి. "నాలుగో టేబుల్ ఉప్పు ఎక్కువైందంటోంది, కాస్త చూసుకోవచ్చు కదా." తొమ్మిదేళ్లు ఆమె తన వంట గురించి తెలుసుకున్నదంతా ఇలాగే.

వంటింట్లో ఆమెతో పనిచేసేది యాన్. నలభై దాటిన మనిషి, సముద్రతీరం వాడు, రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. తలుపు మూసి ఉన్నప్పుడు ఆమెని 'షెఫ్' అంటాడు. జిల్ లోపలికి వస్తే ఆ మాట మానేస్తాడు. అలాగని జిల్‌నీ అనడు. జిల్ ఉన్నంతసేపూ ఆ వంటింట్లో షెఫ్ అనేవాళ్లే ఉండరు.

ఇన్నాళ్లూ నడిచిన ఈ నాటకం ఆ శరదృతువులో ముదిరింది. మంచి హోటళ్లకి నక్షత్రాలిచ్చే గైడు పుస్తకం వాళ్లు ఈ ఏడు పెల్వే హోటల్‌కి మళ్లీ, ఎవరన్నది చెప్పకుండా వస్తారని, నక్షత్రం ఇచ్చే ఆలోచనలో ఉన్నారని చుట్టుపక్కల వంటవాళ్లంతా అనుకుంటున్నారు. నక్షత్రం వస్తే పారిస్‌లో వేదిక మీదకి షెఫ్‌ని పేరు పెట్టి పిలుస్తారు. కోటు వేసుకుని ఎక్కాలి. ఆర్లెట్ అప్పుడే రెండో కోటుకి కొలతలు పంపించేసింది. ఎడ్విజ్‌కి నిద్రపట్టనిది అందుకే. ఇప్పటిదాకా అబద్ధం ఒకటిరెండు పత్రికలు దాటలేదు. నక్షత్రం వస్తే అది గైడు పుస్తకంలోకి ఎక్కుతుంది, దేశమంతా చప్పట్లు కొడుతుంది. ఆ తర్వాత ఆమె నోరు తెరిచినా, మొగుడి పేరు చూసి కళ్లు కుట్టిన పెళ్లాం అంటారు. నక్షత్రం రావాలని ఆమె పదిహేనేళ్లుగా కోరుకుంది. ఈ ఏడు మాత్రం రాకపోతే బాగుండనీ అనుకుంది. అలా అనుకునే స్థితికి తనని తెచ్చిన వాళ్లందరి మీదా ఆమెకి మంట.

* * *

ఆ శనివారం చేపలవాడు తొమ్మిదింటికి వచ్చాడు. నదికి నీళ్లు ఎక్కువొచ్చాయి, సాండ్ర్ దొరకలేదు, బ్రోషే మాత్రమే ఉందన్నాడు. రెండూ తెల్లటి చేపలే. కానీ సాండ్ర్‌కి ముళ్లు తక్కువ. బ్రోషేకి వీపు పొడుగునా చీలిన పుల్లల్లాంటి సన్నటి ముళ్లు రెండు వరసలుంటాయి. మంచి హోటళ్లలో దాన్ని ముక్కగా ఎవరూ పెట్టరు, నూరి ఉండలు చేసేస్తారు. ఎడ్విజ్ చేపని బల్ల మీద పెట్టి, వేలితో తోక నుంచి తల దాకా రాసి చూసింది. తాజా చేప, గట్టి కండ. నూరడానికి మనసొప్పలేదు. పట్టకారు తీసుకుని కూర్చుంది. గంటన్నర పట్టింది. ఆఖరి ముల్లు తీసేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి.

వరద నీళ్ల చేపకి కాస్త బురద వాసన ఉంటుంది. అందుకని సాస్‌కి ఉల్లిపాయలు, వైన్ మరిగించేటప్పుడు వెనిగర్ ఒక చెంచా ఎక్కువ వేసింది. రుచి చూసింది. మళ్లీ చూసింది. ఎక్కువైందేమోనని ఒక అనుమానం తోచింది, పక్కన పెట్టింది.

పదకొండింటికి తలుపు తోసి గదిలోకి తల పెట్టి చెప్పింది: "జిల్, ఇవాళ సాండ్ర్ కాదు. బ్రోషే. మెనూలో నది చేప అనే ఉంది, అది ఫర్వాలేదు. టేబుళ్ల దగ్గర మాత్రం నువ్వు సరిగ్గా చెప్పాలి."

"సరే సరే," అన్నాడు జిల్, గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూస్తూ.

పన్నెండుకి ఇంకోసారి చెప్పింది. "ఒకసారి చెప్తే అర్థం కాదనుకున్నావా?" అన్నాడు.

అప్పటికే గదిలో హడావుడి మొదలైంది. ఆరో నంబరు టేబుల్ దగ్గర ఒక మగమనిషి ఒంటరిగా వచ్చి కూర్చున్నాడు. బూడిదరంగు సూటు, జేబులో చిన్న నోటుబుక్కు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆర్లెట్‌కి డెబ్బయ్యేళ్లు, అయినా ఆవిడ చూపు గద్ద చూపు. నేరుగా వంటింట్లోకి వచ్చేసింది.

"వచ్చాడు," అంది.

"ఎవరు, మదాం?" అంది ఎడ్విజ్. పదిహేనేళ్లయినా అత్తగారిని ఆమె మదాం అనే పిలుస్తుంది. వద్దని ఆవిడ ఎప్పుడూ అనలేదు.

"గైడు మనిషి, ఇంకెవరు? ఒక్కడే వచ్చాడు, రాసుకుంటున్నాడు. నదివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టాం. అమ్మాయ్, ఇవాళ నీ చెయ్యి నిలకడగా ఉంటుందా?" కాస్త గొంతు తగ్గించింది. "సాస్ యాన్‌కి ఇచ్చేయకూడదూ? నీకు ఆ రోజులేమో."

ఎడ్విజ్ ఈ ప్రశ్న ముప్పయ్యేళ్లుగా వింటోంది. లియోన్‌లో, పద్నాలుగుమంది మగాళ్ల మధ్య ఒక్కతే ఆడపిల్లగా పనిచేసిన రోజుల్లో, షెఫ్ పొద్దున్నే అందరి ముందూ అడిగేవాడు: "చిన్నదానా, ఇవాళ ఫర్వాలేదా, ఎర్రజెండానా?" ఆ రోజుల్లో ఆడది గిలక్కొడితే మయొనేజ్ విరిగిపోతుందని, వెన్న సాస్ నిలబడదని అక్కడ తలలు నెరిసిన వంటవాళ్లు కూడా నమ్మేవాళ్లు. నెలకి ఐదు రోజులు ఆమెని క్యారెట్లు తరగడానికి పంపేవాళ్లు. ఆమె ఆ ఐదు రోజులూ అందరూ వెళ్లిపోయాక, తన డబ్బుతో కొన్న గుడ్లతో, నూనెతో మయొనేజ్ కొట్టి చూసేది. ఒక్కసారి కూడా విరగలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చెప్తే ఆమె శరీరం గురించి ఇంకో గంట మాట్లాడుకునేవాళ్లు.

"నా చెయ్యి బాగానే ఉంది, మదాం," అంది. "మీరు గదిలోకి వెళ్లండి. వెనకాల వేడి గిన్నె ఉంది."

జిల్ మధ్యమధ్య తలుపు తోసుకుని వార్తలు తెస్తున్నాడు. ఆరో టేబుల్ ఆయన ఫోర్కు కింద పడేశాడట. గైడు మనుషులు కావాలని పడేసి, ఎంతసేపట్లో తీస్తారో చూస్తారని ఒక నమ్మకం. తల్లీ కొడుకూ చెరోవైపు నుంచి చెరో ఫోర్కు పట్టుకుని పరిగెత్తారట. "నాలుగు క్షణాలు కూడా పట్టలేదు," అన్నాడు జిల్, ఒలింపిక్స్‌లో గెలిచి వచ్చినంత సంబరంగా. "పదకొండో టేబుల్‌కి కూడా చేపే. అక్కడో ఆవిడ, ఒంటరిగా. టాయిలెట్ దారిలో కూర్చోబెట్టాను, ఎవరికోసమో చూస్తున్నట్టుంది. ఆడవాళ్ల మెనూ ఇస్తే, ధరలున్నది ఇవ్వండి, డబ్బు కట్టేది నేనే అంది. మూతి బిగించుకునే రకం."

పెల్వే హోటల్‌లో ఇప్పటికీ ఆడవాళ్లకి ధరలు లేని మెనూ ఇస్తారు. మామగారి కాలం నాటి మర్యాద. ఎత్తేద్దామని ఎడ్విజ్ మూడేళ్లుగా చెప్తోంది.

"ఆరుకీ పదకొండుకీ చేప," అంది ఆమె. "యాన్, రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలు," అన్నాడు యాన్. జిల్ అక్కడే ఉన్నాడు కాబట్టి ఆ మాట తర్వాత 'షెఫ్' లేదు.

ఒంటిగంటన్నరకి జిల్ నల్లకోటు విప్పి తెల్లకోటు తొడుక్కున్నాడు. వంటింటి తలుపు పక్క అద్దంలో జుట్టు సర్దుకుని, గదిలోకి వెళ్లాడు. తలుపు ఊగినప్పుడల్లా ఎడ్విజ్‌కి ముక్కలుముక్కలుగా వినపడుతోంది. "...ఎలా ఉంది, మస్యూ?... పొద్దున స్వయంగా నేనే రేవుకి వెళ్లి... సాండ్ర్, అవును, ల్వార్ సాండ్ర్..." సాస్ గిలక్కొడుతున్న విస్క్ ఆమె చేతిలో ఆగింది. యాన్ తలెత్తి చూశాడు. మళ్లీ తలుపు ఊగింది. ఈసారి పదకొండో టేబుల్ దగ్గర. "...సాండ్ర్ అంటే మృదువుగా ఉండాలి, మదాం, అది నా పట్టుదల..." ఎడ్విజ్ సాస్‌లో ఇంకో వెన్నముక్క వేసి గిలక్కొట్టడం మొదలుపెట్టింది. చెవులు వేడెక్కాయి. గంటన్నర పట్టకారు పట్టుకున్న వేళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

* * *

రెండుంపావుకి ఆర్లెట్ లోపలికి వచ్చింది. ముఖంలో రక్తం లేదు.

"పదకొండో టేబుల్," అంది. "బిల్లు కట్టేసి కార్డు చూపించింది. గైడు నుంచట. వంటిల్లు చూస్తానంటోంది. ఆవిడ, అమ్మాయ్. ఆయన కాదు. ఆయన నీళ్ల మోటార్లు అమ్ముతాడట."

ఆవిడ వెనకే జిల్ వచ్చాడు. అతని వెనక గోధుమరంగు రెయిన్‌కోటు చేతిమీద వేసుకుని, యాభై దాటిన ఒక సన్నటి మనిషి. మూతి బిగించుకుని ఏమీ లేదు, మామూలుగానే ఉంది. అందరికీ నమస్కారం చెప్పి, పొయ్యిల వైపు, తోమిన గిన్నెల వైపు, చేపలున్న మంచుపెట్టె వైపు చూసింది. జిల్ పక్కనే నిలబడి అన్నీ చూపిస్తున్నాడు. కోటు తెల్లగా మెరుస్తోంది. ఎడ్విజ్ ఏప్రన్ మీద చేప పొలుసులు, వెన్న, ఎక్కడిదో ఎర్ర వైన్ మరక.

"ఒక చిన్న సందేహం, షెఫ్," అందావిడ జిల్‌తో. "నా టేబుల్ దగ్గర మీరు సాండ్ర్ అన్నారు. నా పళ్లెంలో ఉన్నది బ్రోషే."

జిల్ మంచుపెట్టె వైపు చూశాడు.

"నేను తప్పు పట్టడం లేదు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, బ్రోషేని ఇలా ముక్కగా, ఒక్క ముల్లు లేకుండా ఎవరూ పెట్టలేదు నాకు. ఎలా తీశారు?"

జిల్ ఎడ్విజ్ వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. బాతు చర్మం నాటి చూపే. అందులో బతిమాలడం ఉంది, అందించకపోతే ఏమవుతుందో చూసుకో అనడమూ ఉంది. అత్తగారు కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. ఎడ్విజ్‌కి ఒక్కసారి అన్నీ తట్టాయి. ఇప్పుడు నోరు విప్పితే నక్షత్రం పోవచ్చు. అబద్ధాలాడే ఇల్లని రాసుకుపోతుంది ఈవిడ. పదిహేనేళ్ల చాకిరీ ఒక్క మాటతో పోతుంది. యాన్ ఉద్యోగం, పాప చదువు, ఈ కప్పు, ఈ పొయ్యిలు. నోరు విప్పకపోతే నక్షత్రం వస్తుంది, అతనికి. చెప్పి పోగొట్టుకోవడమా, ఊరుకుని పోగొట్టుకోవడమా, ఆమెకి మిగిలింది ఇదే. ఆమెకి భయం వేసింది. ఇంత భయంలోనూ, ఎలా చెప్తే జిల్ నొచ్చుకోకుండా ఉంటాడా అని ఒక మూల ఆలోచిస్తూనే ఉంది, అలవాటుకొద్దీ.

ఆ ఆలోచన తెగేలోపే జిల్ నవ్వేశాడు.

"ముళ్లు తీయడం ఎడ్విజ్‌కి అప్పగించాను లెండి. నేను నేర్పిన పద్ధతే. చెప్పు, ఎడ్విజ్, మదాంకి."

జిల్ ఊరుకుని ఉంటే ఏమయ్యేదో. 'నేను నేర్పిన' అన్నాడు.

"తోక నుంచి తల వైపు వేలు రాస్తే ముళ్లు తగులుతాయి," అంది ఎడ్విజ్. "ఏ ముల్లు ఎటు వంగి ఉందో అటే లాగాలి. అడ్డంగా లాగితే కండ చిరుగుతుంది. ఇది నాకెవరూ నేర్పలేదు, చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను. బ్రోషే పెట్టాలనుకున్నది నేను. వండింది నేను. ఇక్కడ పదిహేనేళ్లుగా అన్నీ వండుతున్నది నేనే. జిల్‌కి ఇవాళ ఏ చేపో కూడా తెలీదు. పొద్దున రెండుసార్లు చెప్పాను, వినలేదు."

ఆర్లెట్ చిన్నగా మూలిగింది.

గైడు ఆవిడ జిల్ గుండె మీది నీలం అక్షరాలు చదివింది. తర్వాత ఎడ్విజ్ చేతుల వైపు చూసింది. ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోలేదు. నోటుబుక్కు తీసి ఏదో రాసుకుని మూసేసింది.

"మాకు పళ్లెంలో ఏముందో అంతే కావాలి, మదాం," అంది. "షెఫ్ ఎవరన్నది మీ ఇంటి సంగతి. అది మీరు తేల్చుకోవాలి, నేను కాదు." అందరికీ సెలవని చెప్పి, రెయిన్‌కోటు వేసుకుని వెళ్లిపోయింది.

ఎవరో పెద్దమనిషి వచ్చి న్యాయం చెప్పి వెళ్తారని ఎడ్విజ్ ఇన్నాళ్లూ తనకి తెలియకుండానే ఎదురుచూసింది. వచ్చిన మనిషి, మీరే తేల్చుకోండి అని వెళ్లిపోయింది.

తలుపు ఊగడం ఆగాక జిల్ అన్నాడు, గొంతు బాగా తగ్గించి: "పరువు తీశావు."

"ఇంటి పేరు మీద మట్టి కొట్టావు, అమ్మాయ్," అంది ఆర్లెట్. "నలుగురి ముందు మొగుణ్ని అలా అంటారా? వాడేం తప్పు చేశాడు? నీకు సిగ్గెక్కువని వాడు వెళ్లి మాట్లాడుతున్నాడు, పాపం."

సిగ్గు. ఎడ్విజ్‌కి నవ్వొచ్చింది. తనకి సిగ్గెక్కువన్న సంగతి ఇవాళే తెలిసింది.

"మదాం, మూడో టేబుల్ చేపలు అడుగుతోంది," అంది వడ్డించే అమ్మాయి, తలుపులోంచి ఎడ్విజ్‌తో.

ఎడ్విజ్ సాస్ గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టింది. వైన్, ఉల్లిపాయల రసం వేడెక్కుతోంది. చల్లటి వెన్నముక్కలు పక్కన ఉన్నాయి. చేతులు వాటంతట అవే పని మొదలుపెట్టాయి. అది చూసే ఆమెకి భయమేసింది. ఇంకో పది నిమిషాలు ఈ చేతులు ఇలాగే పనిచేస్తే ఈ రోజు కూడా మామూలు రోజు అయిపోతుంది. జిల్ అప్పుడే అద్దం ముందుకి వెళ్లి కాలరు సర్దుకుంటున్నాడు.

"గదిలో ఇంకా నాలుగు టేబుళ్లున్నాయి," అన్నాడు, ఏమీ జరగనట్టు. "నేనొకసారి తిరిగొస్తాను. మనం తర్వాత మాట్లాడుకుందాం."

"నువ్వు ఆగు," అంది ఎడ్విజ్. "నేను వెళ్తాను."

అతను ఆమెని కింది నుంచి పైదాకా చూశాడు. తొమ్మిదేళ్ల కిందటి మాటే మళ్లీ వచ్చింది. "ఇలాగే వెళ్తావా?"

"ఇలాగే."

విస్క్ అతని చేతిలో పెట్టింది. అతను పట్టుకున్నాడు, ఎందుకంటే ఎదుటివాళ్లు ఏదైనా ఇస్తే చటుక్కున అందుకోవడం అతని వృత్తి. "మూడో టేబుల్ సాస్," అంది. "వెన్న ఒక్కో ముక్కా వేస్తూ గిలక్కొట్టు. ఆపకు. మరగనివ్వకు. కోటు మీద చిందుతుంది, చూసుకో."

"ఎడ్విజ్, నాకు—"

"యాన్, చేపలు ఎంతసేపు?"

యాన్ జిల్‌ని చూశాడు, ఆమెని చూశాడు. "రెండు నిమిషాలు, షెఫ్," అన్నాడు.

ఆమె తలుపు తోసింది. గదిలో వెలుతురు ఎక్కువగా ఉంది. కిటికీల అవతల నది గోధుమరంగులో పొంగి పారుతోంది. ఇన్నేళ్లలో భోజనాల వేళ ఈ గది ఎలా ఉంటుందో ఆమె చూడనే లేదు. వెనక తలుపు ఇంకా ఊగుతుండగానే యాన్ గొంతు వినపడింది, నింపాదిగా: "విరిగింది." ఆమె వెనక్కి తిరగలేదు. యాన్ ఇంకో సాస్ మొదలుపెడతాడు, నాలుగు నిమిషాలు ఆలస్యమవుతుంది. మూడో టేబుల్ దగ్గర ఆగి ఆ సంగతి చెప్పి, క్షమించమంది. వాళ్లు ఆమె ఏప్రన్ వైపు చూసి తలూపారు.

ఆరో టేబుల్ ఆయన కాఫీ తాగుతున్నాడు. పక్కన ఇంకా రెండు ఫోర్కులున్నాయి.

"ఎలా ఉంది, మస్యూ, భోజనం?" అంది.

"ఇందాక షెఫ్‌గారు వచ్చి అడిగారు కదమ్మా. మూడుసార్లు."

"ఆయన మా ఆయన. వంట నాది."

ఆయన కప్పు కింద పెట్టాడు. ఆమె చేతుల వైపు చూశాడు, నమ్మినట్టున్నాడు. కాసేపు ఇబ్బందిగా కదిలాడు.

"అయితే మీకే చెప్పాలి. ఆయన మరీ మర్యాదగా అడుగుతుంటే చెప్పబుద్ధి కాలేదు. చేప అద్భుతం. సాస్‌లో మాత్రం, ఏమనుకోకండి, పులుపు కాస్త ఎక్కువైంది."

ఆ ఒక్క చెంచా వెనిగర్. ఎడ్విజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆమె చేసిన తప్పు సరాసరి ఆమె దగ్గరికి వచ్చింది. ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకూ అదే అనుమానంగా ఉంది," అంది. "మొదటి ముద్దలోనే తెలిసిందా, తర్వాతా? సరిగ్గా గుర్తుచేసుకుని చెప్పండి."